మంచుమీది డేరాలో మా భజన

గర్వం మనిషిని ముంచుతుందని ఇప్పుడు నేను ప్రతి శనివారం సత్సంగంలో చెబుతుంటాను. చెప్పేటప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళు తలలూపుతారు, నేనూ నా మాటకు నేనే తలూపుకుంటాను. కానీ నా దగ్గర ఒక్క గర్వం ఉంది. ఎన్ని ఉపవాసాలు చేసినా, ఎన్ని పురాణ కాలక్షేపాలకు కూర్చున్నా, దాన్ని మాత్రం వదిలించుకోలేకపోయాను (నిజం చెప్పాలంటే, వదిలించుకోవాలని గట్టిగా ప్రయత్నించిందీ లేదు). అది నాకు ఇరవై రెండేళ్ళప్పటిది. ఆ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ తరువాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతూ వచ్చాయి. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు 'తెలుసు' అనేసి, ఆ తరువాత ఏం అడిగారో ఆలోచించేవాణ్ణి.

మాది లక్డారం. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్లో కాంట్రాక్టు మీద చేరాను. షిఫ్టులకు దగ్గరగా ఉంటుందని ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. మడతపెట్టడం, తాడు కట్టడం, లారీకెక్కించడం, ఇదీ నా ఉద్యోగం. శనివారం సాయంత్రం మాత్రం ఊరికి వెళ్ళి భజన మండలిలో కూర్చునేవాణ్ణి. మండలి పెద్ద మా తాళాల తాత. ఆయన నాకు స్వంత తాత కాదు, ఊరందరికీ తాతే. చిన్నప్పటినుంచీ పురాణం చదివించింది, తప్పు చదివితే తాళంతో నెత్తిమీద ఒక్కటిచ్చింది ఆయనే. ఏటా సప్తాహం జరిగితే పందిరి వేసే పని నాది. గాలివానలో కూడా కదలని పందిరి వేశానని ఊళ్ళో పేరుంది. ఆ సంగతి ఫ్యాక్టరీలో కూడా అందరికీ తెలుసు, ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను.

ఆ పేరే కొంప ముంచింది. ఒకరోజు మా మేనేజరు (గోదావరి వైపునుంచి వచ్చి పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నాయన, మేమంతా పెద్దసారు అనేవాళ్ళం) నన్ను తన గదికి పిలిపించాడు. నేల మీద మూడు పెద్ద పెద్ద మూటలున్నాయి. ఎక్కడో చలిదేశం ఉందట. అక్కడ శీతాకాలం వస్తే చెరువులు పైనంతా గడ్డకట్టుకుపోతాయట. జనం ఆ గడ్డ మీదికి నడిచివెళ్ళి చేపలు పడతారట. చలిగాలికి కొయ్యబారిపోకుండా వెంట ఒక మడత డేరా తీసుకువెళ్ళి అక్కడ వేసుకుంటారట. అలాంటి డేరాలు అమ్మే కంపెనీ ఒకటి మూడు రకాల నమూనాలు పంపి, వీటిలో మంచిదేదో పరీక్షించి చెప్పండి, దాన్నే మీ చేత కుట్టిస్తాం అన్నదట. మూడో వారం శుక్రవారం వాళ్ళ మనిషి స్వయంగా వస్తాడు. లారీ టార్పాలిన్లు తప్ప మరొకటి కుట్టని మా ఫ్యాక్టరీకి అది మొదటి విదేశీ పని.

"పందిళ్ళలో ఘనాపాఠివటగా భాగవతారూ" అన్నాడు పెద్దసారు. ఆయన నన్ను అలాగే పిలిచేవాడు. "ఈ మూడింట్లో ఏది మంచిదో తేల్చు. సరిగ్గా తేల్చావంటే శాంపిల్ సెక్షన్లో నీకు పర్మినెంటు. తేడా వచ్చిందా, ప్యాకింగ్ కూడా ఉండదు. తెలుసా డేరాల సంగతి?"

"తెలుసు సార్" అన్నాను. ఆ తరువాత ఆలోచించాను.

పర్మినెంటు అనే మాట ఈ తరం వాళ్ళకు ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. ఆ రోజుల్లో మా గేటు దగ్గర ఆ మాటను దేవుడి పేరులా మెల్లగా పలికేవాళ్ళం. పర్మినెంటయినవాడి చొక్కాకు జేబు మీద పేరు కుట్టి ఉండేది. కాంట్రాక్టువాడి చొక్కా మీద ఏమీ ఉండదు. మా నాన్న లక్డారంలో పొలం పనికి వెళ్ళే మనిషి, ఎప్పుడు కలిసినా ముందు నా ముఖం చూసేవాడు కాదు, జేబు చూసేవాడు.

ఆ రోజు సాయంత్రం మూటలు విప్పి చూశాను. మొదటిది రిక్షా గూడులాంటిది. అడుగున తొట్టి, దాని మీద ముందుకూ వెనక్కూ మడిచే కప్పు. రెండోది ఎర్రటిది. నడిమినుంచి లాగితే గోడలు నాలుగువైపులకూ ఉబ్బి లేచి నిలబడ్డాయి. రెండు పొరల బట్ట, మధ్యలో దూది లాంటిది, అంచుల్లో ఎక్కడా సందులేని కుట్టు. చూస్తుంటే ఎర్రరాతి మంటపంలా ఉంది. చేతులెత్తి దణ్ణం పెట్టబోయి ఆగాను. మూడోది బూడిదరంగుది. పైన మూతలున్న రెండు చిన్న కిటికీలు, కిందిభాగంలో గాలి లోపలికి రావడానికి గాలిరేకు ఒకటి, ముసలివాళ్ళ స్వెట్టర్ మాదిరిగా ఉంది. చూడగానే తేల్చేశాను, ఎర్రదే మంచిది. పెద్దసారుకు కూడా ఎర్రదే నచ్చింది. దానికి కుట్టుపని ఎక్కువ, కాబట్టి మాకు ఎక్కువరోజులు పని దొరుకుతుందని ఆయన లెక్క. కానీ పరీక్ష చేయాలన్నారు కదా, పరీక్ష చేయకుండా చెబితే అబద్ధమవుతుంది. అబద్ధమంటే నాకు భయం.

దానికి ముందు నన్ను ఇంకో భయం పీడించింది. పుట్టినప్పటినుంచి చేప ముట్టనివాణ్ణి, మెడలో తులసిమాల ఉన్నవాణ్ణి. దేవుడు మొదట ఎత్తిన అవతారమే చేప అని సత్సంగంలో చదివినవాణ్ణి. చేపలు పట్టడానికి డేరా ఎంచితే ఆ పాపంలో నాకు వాటా రాదా? శనివారం భజన అయిపోయాక తాతను అడిగాను. ఆయన తాళాలు గుడ్డలో చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. "సలికి మనిషి సావకుండ సూసుడు నీ పనిరా. సేప సంగతి సేపను పుట్టించినోడు సూసుకుంటడు. గంత అనుమానముంటే సేపల గురించి అడగకు, ఇనకు."

ఆ రెండో మాటను నేను అక్షరాలా పాటించాను. గడ్డకట్టిన చెరువులో చేపలు ఎలా పడతారని ఎవరినీ అడగలేదు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకున్నాను. డేరాలో కూర్చుని చలి కాచుకుంటారు, చేపల పని బయట ఎక్కడో చేసుకుంటారు, అంతే అనుకున్నాను. జరిగిన అనర్థమంతా ఆ పుణ్యం వల్లనే జరిగింది.

పరీక్షకు చలి కావాలి. మా మండలిలో డోలక్ వాయించే మామ ఇస్నాపూర్ అవతల ఒక ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. అక్కడ ఐసు దిమ్మలు నిలవచేసే పెద్ద గది ఉంది. మామ యజమానిని అడిగి, ఆదివారం పనిలేని పూట గది ఇప్పించాడు, కింద దిమ్మలు పరిచి నాకొక చెరువు కూడా తయారుచేశాడు. పెద్దసారు ఇద్దరు లోడింగ్ కూలీలను ఇచ్చి, వాళ్ళను డేరాలో గంట కూర్చోబెట్టి ఎలా ఉందో రాసుకోమన్నాడు. వాళ్ళు అయిదు నిమిషాలు కూర్చున్నారు. ఆరో నిమిషంలో ఒకతను బయటికి వచ్చి, జ్వరం వస్తే దవాఖానకు ఎవరు తీసుకుపోతరు, నువ్వా అని నన్ను అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. రెండో అతను అడగను కూడా లేదు.

అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. (మెరిపించింది ఆ పైవాడే అని ఇప్పటికీ నా నమ్మకం.) ఎంత చలైనా ఎంత ఎండైనా లేవకుండా కూర్చునే మనుషులు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు? మా మండలివాళ్ళే. మా ఊళ్ళో ఒక కట్టు ఉంది. ప్రమిదలో కొలిచి నూనెపోసి దీపం వెలిగించి నామం ఎత్తుకున్నామంటే, ఆ నూనె ఉన్నంతసేపు ఎవరూ లేవకూడదు, నామం ఆగకూడదు. నూనె చివరికి రాగానే మంగళహారతి ఇచ్చి లేవాలి. మధ్యలో దీపం ఆరితే ఊరికి అరిష్టం. ఒకసారి పందిట్లోకి తేలు వస్తే కూడా తాత నామం ఆపకుండా, తాళంతోనే దాన్ని బయటికి నెట్టాడు. అలాంటి మనుషులు ఐసుకు లేస్తారా? గంటకు సరిపడా నూనె, ఒక్కో డేరాలో ఒక్కో భజన. పరీక్షకు పరీక్ష, పుణ్యానికి పుణ్యం.

తాతకు చెబితే, ఐసుల భజన చేసినోడు మన జిల్లాల ఇంకెవడన్న ఉన్నడా అని ఒక్క మాట అడిగాడు. లేడన్నాను. అయితే పోదాం పట్టు అన్నాడు. (గర్వం సంగతిలో నేను ఎవరి శిష్యుణ్ణో మీకు అర్థమయ్యే ఉంటుంది.)

భజన అనగానే ఒక చిక్కు వచ్చిపడింది. దేవుడి పటం పెట్టబోయే నేల ఎలా ఉందోనని డేరాల అడుగు పరిచి చూశాను.  మూడింటికీ నేలబట్టలో నాలుగేసి బొక్కలున్నాయి. పళ్ళెమంత గుండ్రటి బొక్కలు. చిరిగిన బట్ట మీద దేవుణ్ణి కూర్చోబెట్టకూడదని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అంత దూరంనుంచి పంపినవాళ్ళు చిరిగినవి పంపారే పాపం అనుకుని, కుట్టు లైన్లో పనిచేసే అక్క దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆమె మిషన్ మీద చెయ్యి వేసిందంటే టార్పాలిన్ కూడా పట్టుచీరలా లొంగేది. ఆమె బొక్కలోంచి చెయ్యిపెట్టి అంచు తడిమి చూసి, నా వైపు అనుమానంగా చూసింది.

"చింపినట్టు లేదు తమ్మీ. గుండ్రంగ కోసి, సుట్టూ పట్టీ ఏసి కుట్టిన్రు. కావాలని పెట్టినట్టున్నది."

"చిరుగు పెద్దగ కావొద్దని కుట్టి ఉంటరక్కా."

"నాలుగు చిరుగులు ఒక్కతీరుగ గుండ్రంగ అయితయా?"

నేను ఆమెకు చిరిగిన వస్త్రం గురించి, దేవతార్చన గురించి సుమారు పావుగంట ఉపన్యసించాను. ఆమె అంతా విని, "నీతోని మాట్లాడుటికన్న కుట్టుడే నయం" అంటూ పన్నెండు బొక్కలకూ పన్నెండు మాసికలు వేసింది. నీటిచుక్క దిగని జంటకుట్టు. కొత్త కుట్టు కాబట్టి నేను ఒక్కోదానికీ ఇంత పసుపు బొట్టు పెట్టాను.

మరుసటి ఆదివారం ఆరుగురం ఐసు గదిలోకి వెళ్ళాం. మంకీ క్యాపులు, గొంగళ్ళు, ఒకదానిమీద ఒకటి రెండు పంచెలు. తాత చెవుల్లో దూది పెట్టుకున్నాడు, తాళం తప్పితే ఎలా వినిపిస్తుందని నేను అడిగితే, తప్పేది మీరు కదరా, నేనెందుకు వినాలి అన్నాడు. మొదట రిక్షా గూడు. అందులో దేవుడి పటం, తాత, డోలక్ పట్టేసరికి చోటు అయిపోయింది. మామ బయట నిలబడి, చేతులు మాత్రం లోపలికి చాచి వాయించాడు. ఆ గంట మామ పడ్డ బాధ చూశాక దాన్ని పక్కన పెట్టాం.

తరువాత నా ఎర్రమంటపం. లోపలికి వెళ్ళి జిప్పు వేయగానే చలి ఎక్కడికి పోయిందో తెలియలేదు. అమ్మ కొంగు కింద ఉన్నట్టుగా వెచ్చగా ఉంది. దీపం వెలిగించి నామం ఎత్తుకున్నాం. నా ఎంపికను చూసుకుని నేను లోలోపల ఉబ్బిపోతున్నాను. కొంతసేపయ్యాక కప్పునుంచి మా ఊపిరి చెమ్మ చుక్కలుగా మా నెత్తిమీద రాలసాగింది. పన్నీరు చిలకరిస్తున్నట్టుందిలే అని సర్దుకున్నాను. ఇంకాస్త సేపటికి పాట మధ్యలో తాత ఆవలించాడు. నేను నిర్ఘాంతపోయాను. ఇరవైనాలుగు గంటల అఖండ భజనలో కూడా ఆయన ఆవలించగా చూసినవాడు లేడు. వెనకే మామ ఆవలించాడు, డోలక్ దెబ్బ బరువెక్కింది, నాకు కణతలు లాగసాగాయి. అప్పుడు ప్రమిద వైపు చూశాను. నూనె సగానికి పైగా ఉంది, వత్తి బాగానే ఉంది, గాలి అసలే లేదు. అయినా మంట చిన్నబోయి, చిక్కుడుగింజంతై, నీలంగా వణుకుతోంది. తాత కూడా చూశాడు. నామం ఆపకుండానే తాళంతో జిప్పు వైపు చూపించాడు. నేను పాకుతూ వెళ్ళి జిప్పు జానెడు తెరిచాను. చల్లగాలి లోపలికి రాగానే దీపం లేచి నిలబడింది. మా పాట కూడా లేచింది.

బూడిదరంగు డేరాలో అంత వెచ్చదనం లేదు. పైకిటికీల మూతలు తెరిచి ఉండటం వల్ల వీపుమీద చల్లగా తగులుతూనే ఉంది. కానీ దీపం మొదటినుంచి చివరిదాకా చదువుకున్న పిల్లవాడిలా నిటారుగా కూర్చుంది. మంగళహారతి అయ్యాక తాత పటానికి మొక్కి లేస్తూ, ఎర్రదాన్ని చూపించి నాతో మెల్లగా అన్నాడు. "దీపం నిల్వని ఇంట్ల మనిషిని ఉండమనకురా. ఎంత అందంగున్నా సరే."

నాకు ఎర్రడేరా అంటే ఎంత ఇష్టమో చెప్పాను కదా. ఆ సాయంత్రం దాన్ని మడతపెడుతుంటే పెళ్ళిసంబంధం తప్పిపోయినట్టే అనిపించింది. కానీ చూసింది చూసినట్టు రాయాలి. ఎర్రదానిలో దీపం నిలవలేదు, బూడిదరంగుది మంచిది అని రెండు వాక్యాలు రాసి పెద్దసారుకు ఇచ్చాను. ఆయన చదివి, కాగితాన్ని తిరగేసి వెనక ఇంకేమైనా ఉందేమోనని చూశాడు. దీపాలూ ధూపాలూ చెబితే ఆ వచ్చేవాడు నవ్వి మన ముఖాన ఉమ్మేసి పోతాడు, ఎర్రదే మంచిదని నోరుమూసుకుని చెప్పు, పర్మినెంటు కాగితం నా సొరుగులో సిద్ధంగా ఉంది అన్నాడు. ఆ సొరుగు వైపు నేను చూడకుండా ఉండలేకపోయాను. గదికి వచ్చి చాలాసేపు దేవుడి పటం ముందు కూర్చున్నాను. 

చెప్పిన శుక్రవారం చలిదేశం సారు వచ్చాడు. తెల్లటి పొడవాటి మనిషి, మా ఎండకు టమాటాలా అయిపోయాడు. పెద్దసారు ఎర్రడేరాను హాలు మధ్యలో నిలబెట్టించి, దాని పక్కన నన్ను కూడా నిలబెట్టాడు. ఆ సారు వంగి లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చి, పెద్దసారుతో ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పెద్దసారు ముఖం మా బూడిదరంగు డేరాకు తమ్ముడయింది.

"నేలమీద బొక్కలేవయ్యా?" అన్నాడు నాతో, పళ్ళ మధ్యనుంచి.

కుట్టించానన్నాను. ఇంకా లోపల ఓ మూల కొంచెం మెప్పుకోసం కూడా ఎదురుచూస్తున్నాను. అప్పుడు తెలిసింది. వాళ్ళు గడ్డకు గుండ్రంగా రంధ్రం తొలిచి, డేరాలో కూర్చునే, ఆ నేలబొక్కలోంచి గాలం వేసి, కిందున్న నీళ్ళలో చేపలు పడతారట. డేరా ఉన్నదే ఆ బొక్కల కోసం. మేము మూసి, జంటకుట్టు వేసి, పసుపు పెట్టాం. మిషన్ల దగ్గర అక్క మాత్రం తలవంచుకుని కుడుతోంది. భుజాలు కదలడం చూసి నవ్వుతోందని అర్థమైంది.

పెద్దసారు ఆగలేదు. "అదీ సంగతి. బొక్కలన్నీ మూసేసి గాలాడక దీపం ఆరిపోతే, డేరా మంచిది కాదంటాడు. వెళ్ళు, నీ చొక్కా ఇచ్చేసి గేటు దగ్గర లెక్క చూసుకో."

 ఆయన అన్నదానిలో న్యాయం ఉందేమో కదా? నేనే మూసి, నేనే ఊపిరాడకుండా చేసి ఉంటే, దీపానిదేం తప్పు, డేరాదేం తప్పు? రెండడుగులు గేటు వైపు వేశాను కూడా. మూడో అడుగు దగ్గర ఒక విషయం తట్టింది. వెనక్కి తిరిగాను.

"మూడింటికీ కుట్టించిన సార్" అన్నాను. నేరాన్ని మూడింతలు చేసి ఒప్పుకుంటున్నానని అప్పుడు తోచలేదు. "బూడిద రంగుదానికి కూడ నాలుగు మాసికలు ఏయించిన. గదే ఐసు, గదే నూనె, గదే ఆరుగురం. దాంట్ల దీపం నిలిచింది. ఎర్రదాంట్లనే చిన్నబోయింది."

పెద్దసారు నన్ను బయటికి పొమ్మని చెయ్యి ఊపుతున్నాడు కానీ, చలిదేశం సారు నా చేతివేళ్ళను చూస్తున్నాడు. నేను తెలియకుండానే వేళ్ళతో మంటను చూపిస్తున్నాను, ఇంతుండేది ఇంతయిందని. ఆ మనిషి ఏం చెబుతున్నాడో చెప్పమని పెద్దసారును అడిగాడు. పెద్దసారు తప్పనిసరై చెప్పాడు. విని ఆ సారు నవ్వలేదు. బొక్కల కింద ఉండేది నీళ్ళు, అందులోంచి గాలి రాదు, కాబట్టి మూసినా తెరిచినా ఒకటే అన్నాడట. తరువాత, ఆ దీపం నాకు చూపించండి అన్నాడట.

షేర్ ఆటోలో లక్డారం పోయి తాతనూ మిగతావాళ్ళనూ ఎలా తీసుకొచ్చానో నాకు గుర్తులేదు. మధ్యాహ్నానికల్లా, మామ మళ్ళీ యజమానిని బతిమాలి ఇప్పించిన ఐసు గదిలో ఎర్రడేరా వేసి, లోపల దీపం పెట్టాం. చలిదేశం సారు డేరా గుమ్మం దగ్గర ఆగి, వంగి, తన పెద్ద పెద్ద బూట్లు విప్పి పక్కన పెట్టి, మేజోళ్ళతో లోపలికి వచ్చి మా మధ్య మఠం వేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆయన మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. పెద్దసారు కూడా రాక తప్పలేదు. తాత ఆ బూట్లను చూసి, మనిషిని చూసి, తృప్తిగా తాళం వేశాడు. నామం మొదలైంది. ఆ సారు ఒకటి రెండుసార్లు చప్పట్లు కూడా కొట్టాడు, లయ తప్పించే కొట్టాడు, అయినా మేం సర్దుకున్నాం. తరువాత చప్పట్లు మానేసి దీపం వైపే చూస్తూ కూర్చున్నాడు. మొదట ఆవలించింది పెద్దసారు. మంట మెల్లమెల్లగా కుంచించుకుపోయింది. చిక్కుడుగింజయింది, పెసరగింజయింది. ఆ సారు ముఖంలో ఎరుపు పోయింది. జిప్పును తానే సర్రున లాగాడు.

బయటికి వచ్చాక ఆయన చెప్పింది పెద్దసారు మాకు తెలుగులో చెప్పాడు. ఆ గొంతు నేను అంతకు ముందు విననిది. వాళ్ళ ఊళ్ళో అన్నదమ్ములిద్దరు చేపలకు వెళ్ళి, చలికి ఆగలేక డేరా అంతా మూసుకుని లోపల చిన్న పొయ్యి వెలిగించుకున్నారట. అలాగే నిద్రపోయారట. తెల్లవారి ఎవరో పలకరించబోతే ఇద్దరూ పలకలేదట. వాళ్ళు ఆయనతోపాటు బడికి వెళ్ళినవాళ్ళట.  తాత పోయి ఆ సారు చెయ్యి పట్టుకున్నాడు. "ఎరుకలేక పోయిన్రు బిడ్డా. ఇగ పోకుండ సూడు" అన్నాడు. దాన్ని ఎవరూ ఇంగ్లీషులో చెప్పలేదు. చెప్పనవసరం కూడా రాలేదు.

బూడిదరంగు డేరా ఖాయమయింది. కింది గాలిరేకును కొంచెం పెద్దది చేయమన్నాడు, అంతే. వెళ్ళేముందు ఆ సారు పన్నెండు మాసికలనూ వేలితో తడిమి చూసి, ఇంత గట్టి కుట్టు మా దగ్గర దొరకదు అన్నాడట. అక్క దాన్ని విని, "మరి ఇప్పుడు ఇప్పాలె గద, రా తమ్మీ, నువ్వే ఇప్పు" అని నా చేతికి కుట్టు విప్పే చిన్న కత్తి ఇచ్చింది. ఆ సాయంత్రమంతా కూర్చుని పన్నెండూ విప్పాను. పెద్దసారు సొరుగులోంచి తీసిచ్చిన పర్మినెంటు కాగితం మడిచి పెట్టిన చొక్కా జేబు మీద, చీకటి పడేలోగా అక్కే నా పేరు కుట్టిపెట్టింది. శనివారం ఊరికి వెళ్ళినప్పుడు నాన్న ఎప్పటిలాగే ముందు జేబు చూశాడు.  ఆ చొక్కాను తానే ఉతికి, పేరు కనిపించేలా వాకిట్లో తీగ మీద ఆరేశాడు. అది ఎండిపోయాక కూడా చాలాసేపు అక్కడే ఉంచాడు.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళు నేను ఒక కథ చెప్పుకుంటూ తిరిగాను. ఎక్కడ సత్సంగం జరిగినా, మాట ఎటు వెళ్ళినా చివరికి అక్కడికే తెచ్చేవాణ్ణి. మా భజన మహిమ ఎంతటిదంటే, మన దేవుడి పేరే తెలియని పరదేశి కూడా గుమ్మం దగ్గరే బూట్లు విప్పేసి వచ్చి కూర్చున్నాడు అని. వినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి, నావి ఇంకా ముందే చెమర్చేవి. ఈమధ్య శాంపిల్ సెక్షన్లో నా దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి (ఆ దేశంలో రెండేళ్ళు చదువుకుని వచ్చింది) ఆ కథను మర్యాదగా చివరిదాకా విని, ఎంతో సౌమ్యంగా చెప్పింది. "అక్కడ అందరూ అంతే సార్. ఎవరింటికి పోయినా గుమ్మంలనే బూట్లు ఇప్పుతరు. బయట మంచు కదా, ఇల్లు తడిసిపోతది."

ఇన్నేళ్ళు చెప్పిన మహిమ అంతా ఒక్క మాటతో తడిసిపోయింది. ఇంటికి వస్తూ దారిపొడుగునా, అన్నీ తెలిసిన ఆ ఇరవై రెండేళ్ళవాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. నవ్వుతూ నవ్వుతూనే ఒకటి తోచింది. ఆయన భజన కోసం విప్పలేదు, సరే. ఇంట్లోకి వెళ్ళేటప్పుడే విప్పుతారు కదా. నేను ఐసు దిమ్మల మీద నిలబెట్టిన ఆ గుడ్డముక్కను చూసి, ఆ క్షణంలో ఆయనకు ఇల్లనిపించింది. ఈ శనివారం కూడా గర్వం కూడదనే చెబుతాను. చెప్పి, దీన్ని మాత్రం ఎప్పటిలాగే నా దగ్గర ఉంచుకుంటాను.